కరిగిన పాలు

నల్గొండ,
14 మే 2024.

కోడలు ఉషకు మీ మామ సిద్దిరాములు మనసారా దీవించి రాసే సంగతులు. ఇక్కడ నేను, మా అబ్బాయి దయాకర్, నీ బిడ్డ నిహారిక బాగున్నాము. మహబూబ్‌నగర్‌లో నీ ఉద్యోగ శిక్షణ బాగా సాగుతున్నదని తలుస్తాను.

నిన్న ఫోనులో నువ్వు “గవి నా పాలు మామా. పారబోయనీకి చేతులెట్ల వచ్చినయ్?” అని అడిగావు. శిక్షణ మానేసి వచ్చేస్తానని దయాకర్‌తో అన్నావట. అందుకే ఈ ఉత్తరం.

శనివారం గాలివానకు పోయిన కరెంటు ఆదివారం సాయంత్రానికి గానీ రాలేదు. నువ్వు తేదీలు రాసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన పాల సంచులన్నీ కరిగిపోయాయి. వాసనేమీ లేదు. పక్కింటి శ్యామలమ్మ, బర్రెపాల లెక్కన ఒక్క పొంగు రానిస్తే చాలన్నది. కరిగినవి మళ్లీ గడ్డకట్టించొద్దని, ఒక్క రోజుకు మించి ఉంచొద్దని నువ్వే రాసి గోడకు అంటించావు. ఎప్పుడు కరిగాయో నాకు తెలియదు. ఒక్కొక్క సంచీ విప్పి, ఎవరూ తొక్కని చోట, జామచెట్టు మొదట్లో పోశాను. నేల తెల్లబడి, చూస్తుండగానే పీల్చుకున్నది. దయాకర్ వచ్చి పిలిచేదాకా నేను ఏదో కలలో ఉన్నట్టే అక్కడ కూర్చున్నాను.

ఇప్పుడు డాక్టరమ్మ రాసిన డబ్బాపాలు పడుతున్నాం. ప్రతిసారీ సీసా ఉడకబెట్టి, కాచిన నీళ్లతో అప్పటికప్పుడు కలుపుతాను. నీ పాల సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి వెచ్చచేసినప్పటిలాగే, మణికట్టు మీద చుక్క వేసుకుని చూస్తాను. మిగిలితే పారబోస్తాను. మధ్యాహ్నం మగ్గం దగ్గర ఒళ్లో వేసుకుని పాలు పడితే సగం తాగి కళ్లు మూస్తుంది. నిద్రలో కూడా పెదవులు కదుపుతూనే ఉంటుంది. నువ్వు పక్కనే ఉన్నావనుకుంటుందేమో. ఆ పెదవులు చూస్తూ నేను నేతపని మరిచిపోతాను.

శిక్షణ మానకు తల్లీ. కోపమంతా నా మీదే ఉంచుకో.

దీవెనలతో,
మామ సిద్దిరాములు

తా.క. దయాకర్‌కు కూడా తెలియని మాట ఒకటి. వాడికంటే ముందు మాకొక బాబు. మీ అత్త పత్తి ఏరబోతూ సీసాలో పోసి ఇచ్చిన పాలు పొద్దున సగం మిగిలాయి. పారబోయబుద్ధి కాలేదు. మధ్యాహ్నం అవే వెచ్చచేసి నేనే తాగించాను. సాయంత్రానికి వాంతులు, విరేచనాలు. మూడో రోజుకు బిడ్డ లేడు. తను ఆ రోజు పనికి పోకుంటే బతికేవాడని మీ అత్త చచ్చిపోయేదాకా ఏడ్చింది. నేను మాత్రం నోరు తెరవలేదు.