రెండు దొప్పల పులిహోర

ఏప్రిల్ 6, ఆదివారం

వెన్నెల సైన్సు నోట్‌బుక్కులో వెనక పేజీలు మిగిలాయి. మనవరాలు పారేస్తుంటే నేను తీసుకున్నాను. నాది మూడో తరగతి చదువు. రాయకపోతే ఆ కాస్తా పోతుంది.

వచ్చే శనివారం జీపులో అందరం వెళ్తున్నామని సురేంద్ర చెప్పాడు. అరసవల్లి, శ్రీకూర్మం, సముద్రం చూసుకుని అదే రోజు ఇంటికి. ఏడాదంతా టూరిస్టులను చాపరాయికీ బొర్రా గుహలకూ తిప్పే నా కొడుకు, ఒక్క రోజు తల్లిని తిప్పుతానన్నాడు. నాకూ ఆశే. నేను పుట్టింది కొర్రా వంశంలో. కొర్రా అంటే మాలో సూర్యుడు. నా అన్నదమ్ములు ఎవరూ మిగల్లేదు. అరసవల్లిలో ఉన్నది సూర్యుడే కాబట్టి అది నాకు పుట్టిల్లే.

కానీ జీపు బ్రేకులు ఎలా ఉన్నాయో. మేక నిండు చూలు. సముద్రం ఎంత దగ్గరికి వస్తుందో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. అరవై ఏడేళ్లు వచ్చాయి, ఇంతవరకు చూడలేదు.

అన్నిటికంటే పెద్ద భయం మామిడి కొత్త. పండగ చేసి అమ్మవారికి పెట్టేదాకా మా ఊళ్లో ఆ ఏటి మామిడికాయ ఎవరూ నోట పెట్టకూడదు. పెడితే ఊరికి కీడు. ఈసారి ఇరవై రెండు, మంగళవారం అని మా మరిది సోమన్న చెప్పాడు. అతను దిసారి, ఊరికి మంచి రోజులు చూసేది అతనే. అమ్మవారి ముందు మొదటి కాయ కోసేది నేను. మా అత్త పోయినప్పటి నుంచి, పంతొమ్మిదేళ్లుగా. కోసే మనిషి నోరు శుభ్రంగా ఉండాలి. లేకపోతే కత్తి ఇంకొకరికి పోతుంది. ఆ ఇంకొకరు సోమన్న పెళ్లాం రాజులమ్మ. నా తోటికోడలు. పంతొమ్మిదేళ్లుగా ఆ కత్తి వంకే చూస్తోంది.

నా నోటి మీద నాకు నమ్మకం ఉంది. భయం నా కోడలు బేబితోనే. మంచిదే, కాదనను. కానీ చర్చి మనిషి. వాళ్లకు కొత్త ఏమిటి, పాత ఏమిటి. కిందికి దిగితే ప్రతి బండి మీదా మామిడి ముక్కలే. మా ఇంటి మనిషే తినేస్తే నేను ఏ మొహంతో కత్తి పట్టుకుంటాను.

ఏప్రిల్ 9, బుధవారం

మేక ఇంకా ఈనలేదు. మేం వెళ్లిన రోజే ఈనుతుంది. దాని బుద్ధి నాకు తెలుసు.

ఏప్రిల్ 11, శుక్రవారం

పుట్టింటికి ఒట్టి చేతులతో ఎలా వెళ్తాను. శేరు చోళ్లు, కింద రాగులంటారు, చెరిగి సంచిలో పోశాను. రాజులమ్మ కూడా వస్తుందట. జీపులో ఖాళీ ఉందని సురేంద్రే పిలిచాడు. వాడికి ఏమీ తెలియదు.

సోమన్న రానన్నాడు. సముద్రానికి మంచిరోజు సూడక్కర్లేదు వదినా, అది రోజూ వత్తాది రోజూ ఎల్తాది అన్నాడు. అది వెళ్లకుండా వస్తే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు.

ఏప్రిల్ 12, తెల్లవారుజాము 3:40

జీపు స్టార్టయింది. అమ్మవారూ, బ్రేకులు.

ఏప్రిల్ 13, ఆదివారం

అందరం బతికే వచ్చాం. నిన్న రాయడానికి ఓపిక లేకపోయింది.

ఘాటీ దిగేదాకా కళ్లు మూసుకున్నాను. రాజులమ్మ ఊరుకోదు కదా. ముత్యాలక్కా, కళ్లు తెరు, తోలతన్నోడు నీ కొడుకే గదేటి అంది. అందుకే మూసుకున్నానే అన్నాను. సురేంద్ర పగలబడి నవ్వాడు. నవ్వుతూ నడపకురా అని అరిచాను. ఇంకా నవ్వాడు.

శృంగవరపుకోట దాటాక తెల్లారింది. అరసవల్లి చేరేసరికి ఎండ చుర్రుమంటోంది. పుట్టింటివాళ్లు ఎదురొచ్చారనుకున్నాను. క్యూలో నా వెనకామె, సంచిలో ఏటమ్మా అని అడిగింది. పుట్టింటికి చోళ్లు అన్నాను. ఆమె కాస్త వెనక్కి జరిగింది. లోపల సూర్యుడు నల్లగా ఉన్నాడు. మా పెద్దన్న రంగే. బాగున్నావా అన్నా అని అడిగాను. ముందుకు జరగమ్మా అన్నారెవరో. జరిగాను. అంతే, రెండు నిమిషాలు. అయినా కడుపు నిండింది. చోళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక బయట ఎండలో గుమ్మరించాను. పావురాలు ఒక్క గింజ మిగల్చలేదు. మా అన్నా అంతే, పెట్టింది ఎప్పుడూ మిగిల్చేవాడు కాదు.

శ్రీకూర్మంలో తాబేళ్లు. వెన్నెల ఆకుకూర కట్ట కొని ఒక్కొక్క ఆకే తినిపించింది. ఒకటి మాత్రం తల బయటికి పెట్టలేదు. మా ఆయనా ఇంతే, ఏటడిగినా ఉలకడు పలకడు, తల లోపలికి లాగేసుకుంతాడు అంది రాజులమ్మ. కడుపు పట్టుకుని నవ్వాను. తోటికోడలితో అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

గుడి బయట ఎవరో మొక్కున్నవాళ్లు దొప్పల్లో పులిహోర పంచుతున్నారు. రాజులమ్మా నేనూ రాతి మెట్టు మీద కూర్చుని తిన్నాం. బేబి తన దొప్ప పట్టుకుని నా వంక చూస్తూ నిలబడింది. తినవేం అన్నాను. ఈస్టరు ముందు శ్రమదినాలత్తా, ఉపాసం, నాకొద్దు అంది. దేవుడి దగ్గర పెట్టిన అన్నం వద్దంటారా అని కోప్పడి ఆ దొప్ప కూడా లాక్కుని నేనే తిన్నాను. పారేస్తే పాపం. బాగుంది. నిమ్మకాయ గట్టిగా పిండినట్టున్నారు.

తర్వాత సముద్రం. దీని గురించి ఎలా రాయాలో తెలియదు. అరకు లోయలో పొద్దున్న మంచు నిండితే పైనుంచి ఎలా ఉంటుంది, అలా ఉంది, కానీ అరుస్తోంది. నేను దూరంగా నిలబడ్డాను. చెప్పులు పోతాయని చేత్తో పట్టుకున్నాను. బేబి నా రెండో చెయ్యి పట్టుకుని, రా అత్తా, ఏటీ సెయ్యదు, బేగి రా అని లాగింది. నీళ్లు వచ్చి కాళ్ల కింది ఇసక లాగేశాయి. భూమి కదిలింది అన్నాను. భూమి కాదు నానమ్మా అని వెన్నెల గెంతింది. మోకాలిదాకా తడిశాను. తర్వాత నడుందాకా. ఎవరు ముందు నవ్వామో తెలియదు. నన్ను బయటికి తేవడానికి సురేంద్ర రెండుసార్లు పిలవాల్సొచ్చింది.

ఒడ్డున బేబి రెండు మిరపకాయ బజ్జీలు తింది. శ్రమదినాలు గంటలోనే అయిపోయాయి కాబోలు. పోనీలే. పక్కనే ఉప్పూ కారం చల్లిన మామిడి ముక్కల బండి ఉంది. రోజంతా బేబి నోరే కాపలా కాశాను. ముట్టలేదు. గండం గడిచింది.

ఏప్రిల్ 14, సోమవారం

అది నిమ్మకాయ కాదు.

వెన్నెల పొద్దున్న గునుస్తూ చెప్పింది. మాయమ్మ నాకొక్క ముద్దన్నా పెట్టనీలేదు నానమ్మా, మామిడికాయ పులిహోరంటే నాకెంతిష్టం, నువ్వేమో రెండు దొప్పలూ తినీసినావు అని. మామిడికాయ కోరి పులిహోర చేస్తారని నాకు ఎవరు చెప్పారు.

చేస్తారట. కింద అందరూ చేస్తారట.

అబద్ధం ఎందుకు రాయాలి. నా నాలుకకు అప్పుడే తెలిసింది. నేను వినలేదు.

బేబికి తెలుసు. తెలిసే తను తినలేదు, కూతుర్ని తిననివ్వలేదు. నాకు మాత్రం చెప్పలేదు. తనకు గుడి తిండి పనికిరాలేదు, నా కొత్త పాడైతే మాత్రం పనికొచ్చింది. చూస్తూ నిలబడింది. ఈ రోజంతా తనతో మాట్లాడలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

కీడు కోసం చూస్తున్నాను. మేక ఈనింది. రెండు పిల్లలు, రెండూ పెంటివే.

ఏప్రిల్ 16, బుధవారం

కాఫీ తోటల మీద వాన పడింది. పూతకు సరిగ్గా ఎంత కావాలో అంత. రేపటికి తెల్లగా విచ్చుకుంటుందని సురేంద్ర ఈల వేస్తున్నాడు. పాతికేళ్లలో ఇంత మంచి వారం చూడలేదు. భయంతో అన్నం సహించడం లేదు. ఇంత మంచి ఎందుకు జరుగుతోంది. పెద్దది ఏదో వెనక వస్తోంది.

బేబి అడిగింది, ఏటత్తా, నామీద కోపమేటి అని. లేదన్నాను.

ఏప్రిల్ 17, గురువారం

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రాజులమ్మ కూడా తిన్నది కానీ తనకూ తెలిసి ఉండదు. మంగళవారం కాయ కోసేస్తాను, అయిపోతుంది.

పిల్లలు తింటారు కదా ఆ కాయ. ముందు పిల్లలకే పెడతాం.

ఏప్రిల్ 18, శుక్రవారం

గుడ్ ఫ్రైడే అని బేబి చర్చికి వెళ్లింది. తను లేనప్పుడు సోమన్న ఇంటికి వెళ్లాను. రాజులమ్మ అక్కడే చేట పట్టుకుని కూర్చుంది. తన ముందే చెప్పాల్సొచ్చింది. నా నోరు శుభ్రంగా లేదు, రెండు దొప్పలు తిన్నాను, కత్తి ఇంకొకరికి ఇచ్చెయ్యి అన్నాను.

సోమన్న పెళ్లాం వంక చూశాడు. రాజులమ్మ ఇప్పుడు నవ్వుతుందనుకున్నాను. చేటలో రాళ్లు ఏరుతూనే ఉంది. ఏరుతూనే, నానూ తిన్నాను అంది. మొదటి ముద్దకే తెలిసిందట. అక్కకి చెప్తే అక్క తినదు, అక్క తినకపోతే నాకు సిగ్గు, అందుకే ఊరుకున్నానంది. అక్కకి తెలవకుంటే ఎవలికీ తెలవదనుకున్నానంది. పాపం, ఆరు రోజులుగా తనకూ నిద్ర లేదట.

ఇద్దరం ఏడ్చాం. తర్వాత టీ తాగాం.

సోమన్న తల గోక్కున్నాడు. కాయ కోసేది మా వంశం కోడళ్లే. ఆరుగురం. ఇద్దరం పోగా నలుగురు. సోమవారం అందరినీ పిలుస్తానన్నాడు.

ఏప్రిల్ 21, సోమవారం

ఇది మొత్తం రాయాలి.

సోమన్న ఇంటి అరుగు మీద కోడళ్లందరినీ కూర్చోబెట్టాడు. ముందు నా సంగతి, రాజులమ్మ సంగతి చెప్పాడు. మీ నలుగురిలో శుభ్రమైన నోరు ఎవరిది అని అడిగాడు. కోడిపుంజు కూసింది. సరళకు ఐదో నెల. ఆమె ముందు చెప్పింది. నోరూరింది మావా, సంతలో రెండు ముక్కలు తిన్నాను, గుంట కడుపులోంచి అడిగితే నానేటి సేత్తాను అంది. ఫల్గుణ పెళ్లాం అక్క ఇంటికి వెళ్లి కొబ్బరి మామిడి పచ్చడి తిందట. కొంచెమే అంది. కొంచెం అంటే అని అడిగితే, గిన్నె సిన్నదే అంది. ఇంకొకామె సీసాలో మామిడి జ్యూసు తాగింది. అది ఏ ఏటి కాయతో చేసిందో సోమన్న తేల్చలేకపోయాడు. సీసా ఇంటి నుంచి తెచ్చి చూపిస్తానంది. చూపించడానికి ఏమీ మిగల్లేదు, ఖాళీ సీసా అని కూడా ఆమే చెప్పింది. అప్పటికి అందరం నవ్వుతున్నాం. వారం నుంచి భయంతో చచ్చినదాన్ని, నేనూ నవ్వుతున్నాను. ఊరంతా ఎవరి భయం వాళ్లు దాచుకుని కూర్చున్నారు.

బేబి ఒక్కతే మిగిలింది. బేబొదిన్ని అడగడం దేనికి, ఆవిడ క్రిస్మస్ అవగానే మొదలెట్టీసుంటాది అంది సరళ. మళ్లీ నవ్వులు. బేబి కూడా నవ్వింది. నవ్వి, నేను తినలేదు మావా అంది.

ఈ ఏడా అని అడిగాడు సోమన్న.

ఏ ఏడూ తినలేదట. ఈ ఇంటికి వచ్చి పద్నాలుగేళ్లు. పద్నాలుగేళ్లూ కొత్త అయ్యేదాకా ముట్టలేదట, వెన్నెలనూ ముట్టనివ్వలేదట. నేను తన వైపు చూడలేకపోయాను. తనే నా పక్కకు వచ్చి కూర్చుంది. పెళ్లైన మొదటి ఆదివారం నువ్వే నన్ను చర్చి దాకా దిగబెట్టినావు, గొడుగిచ్చి మరీ. నీకు గుర్తు లేదేమో అంది. నన్నెప్పుడూ వద్దనలేదు, నీ దానికి నేనెందుకు అడ్డమొత్తాను అంది. మరి పులిహోర రోజు నాకెందుకు చెప్పలేదు అని అడిగాను. నేను దొప్ప వాసన సూసేసరికే నువ్వు సగం తినీసినావు, అప్పుడు సెప్తే సముద్రం సూసేదానివా, అరకు దాకా ఏడ్సుకుంటా రావా అంది. శ్రమదినాల సంగతి అబద్ధం కాదట. బజ్జీల సంగతి దేవుడూ తనూ చూసుకుంటారట.

వెనక నుంచి ఎవరో గొణిగారు, చర్చి మనిషి కోస్తే ఎలాగని. అమ్మవారు నోరడిగింది గానీ ఆదివారం ఎక్కడికెల్తావని అడగలేదు అన్నాడు సోమన్న. తాబేలు తల బయటికి పెట్టిందే అంది రాజులమ్మ.

బేబి ఒక్క మాట చెప్పింది. బొట్టు పెట్టుకోను, మొక్కను, కాయ మటుకు కోత్తాను అని. పాస్టరుగారికి చెప్తానంది. అడుగుతాననలేదు.

తిన్నవాళ్లంతా రేపు వరసలో ఆఖర్న నిలబడాలి. అదే తప్పుకు శిక్ష. పంతొమ్మిదేళ్లుగా నా పెట్టెలో ఉన్న కత్తిని నూరి, కడిగి, బేబి చేతికి ఇచ్చాను. తను ఇవ్వమనలేదు. నేనే ఇచ్చాను.

ఏప్రిల్ 22, మంగళవారం

బేబి ముక్కలు లావుగా కోసింది.

పిల్లలకు ముందు. తర్వాత అందరికీ. వరస తల కంటే తోకే పొడుగ్గా ఉంది. తోకలో చివర నేను, నా ముందు రాజులమ్మ. చెయ్యి చాపాను. బేబి పెట్టింది. పుల్లన.

భయపడ్డానికి ఏమైనా ఉందేమోనని వెతికాను. చాలాసేపు దొరకలేదు.