నీ సూటు గుడ్డ

నాయినా,

పెళ్లినాడు చెల్లిని చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిపించాలని నువ్వు కొనిపెట్టుకున్న సూటు గుడ్డ నాకొచ్చింది. నువ్వు లేవు కాబట్టి ఆ నడకా నాకే వచ్చింది.

మిర్యాలగూడలో నీ దోస్తు టైలర్ కాకకే ఇచ్చాం. కొలతలు తీస్తున్నంతసేపూ ఒకటే తిట్లు. "జరసేపు కుదురుగ నిలబడరాదురా. గిట్ల ఉండలేకనే బడి ఇడిసిపెట్టినవ్."

నిన్న చెల్లితో కలిసి ట్రయల్‌కి వెళ్లాను. కోటు వేసుకుని అద్దంలో నన్ను నేను చూసుకుని మురిసిపోయాను. నువ్వు గుర్తుకే రాలేదు. నీ ఒంటికి కొన్న గుడ్డ కదా, చాలా మిగిలింది. కాక దాన్ని కత్తిరించకుండా కుట్ల లోపల మడిచిపెట్టాడు.

"ఆ మడతలు కోసెయ్ కాకా, నడుము కాడ టైట్‌గ రావాలె" అన్నాను.

ఆయన కత్తెర తీశాడు. చెల్లి అడిగింది, "ఈ కోటు బజార్ల తిరిగేటందుకా అన్నా, నా పక్కన నడిచేటందుకా?"

తల ఎత్తలేకపోయాను. "ఉండనీ కాకా."

"ఉంచుతలే. మీ నాయినంత ఒళ్లొచ్చిననాడు ఈ మడతలు ఇప్పిస్తువు."

రేపే పెళ్లి. కోటు కొంచెం వదులుగా ఉంది, దోస్తులు నవ్వుతారు. పొద్దున ఇంట్లో మళ్లీ వేసుకున్నాను కానీ అద్దం దగ్గరికి పోలేదు. గోడ పక్కన అటూ ఇటూ మెల్లగా నడిచాను. నాది పరుగు నడక అని నీకు తెలుసు. చెల్లి చీర కట్టుకుని వేసే అడుగు ఎంత ఉంటదో, అంతే వేయడం నేర్చుకుంటున్నాను.