మూడు చెంచాల సరస్వతాకు రసం

పాతపట్నం, 3-7-1968

శ్రీకూర్మం వైద్యులు కూర్మయ్య గారికి నారాయణమ్మ నమస్కరించి రాయునది.

మా వారికి మతిమరుపు ముదిరింది. జూన్ నెలంతా లెక్కపెట్టాను. కళ్లజోడు పెట్టుకునే ఉండి, దానికోసం వెతికింది పదకొండు సార్లు. గొడుగు మరిచింది నాలుగు సార్లు. భోంచేసి చెయ్యి కడుక్కుంటూ "అన్నమెట్టవేటి?" అన్నది రెండు సార్లు. ఏదో ఒకనాడు నన్నూ మరిచిపోతారేమోనని భయం. మందు పంపగలరు.

ఇట్లు,
నారాయణమ్మ

తా.క.: రోగి పేరు నేను రాయకూడదు. పోస్టుమాన్ సోములు చేత వేరే కాగితం మీద రాయించాను.

శ్రీకూర్మం, 9-7-1968

అమ్మా, నమస్కారం.

పటికబెల్లం పాకంలో కాచిన సరస్వతాకు రసం పంపుతున్నాను. పొద్దున్నే ఒక్క చెంచా. రోజూ మీ పేరేమిటని ఆయన్ని అడగండి. ఇల్లాలి పేరు చెప్పగలిగితే మతి పదిలంగా ఉన్నట్టే.

విధేయుడు,
కూర్మయ్య

తా.క.: చెంచా అంటే చిన్న చెంచా. గరిటె కాదు. పోయినేడు ఒకరింట్లో పొరపాటు జరిగింది.

పాతపట్నం, 19-7-1968

వైద్యుల వారికి నమస్కారములు.

కళ్లజోడు వెతకడం వారంలో ఒక్కసారే. గొడుగు ఇంటికి చేరింది. కానీ నా పేరు అడిగిన ఏడు రోజులూ తల దించుకున్నారు. మా అమ్మాయి పేరు చెప్పారు. ఎద్దు పేరు చెప్పారు. ఎప్పుడో చచ్చిపోయిన ఎద్దు పేరూ చెప్పారు. నా పేరు దగ్గరే నోరు పెగల్లేదు. అందుకని మూడోనాడు రెండు చెంచాలు, ఐదోనాడు మూడు చెంచాలు పోశాను. కడుపు జారుడు పట్టుకుంది. నాలుగు చెయ్యమంటారా?

ఇట్లు,
నారాయణమ్మ

తా.క.: మందు వేళ మాత్రం మరవరు. గడియారం చూడకుండానే పశువులశాల వెనక్కి వెళ్లి దాక్కుంటున్నారు.

శ్రీకూర్మం, 25-7-1968

అమ్మా, వెంటనే ఆపండి!

వేళ గుర్తుపెట్టుకుని దాక్కునే మనిషికి మతి ఎక్కడికీ పోలేదు. తప్పు నాది. ముందు అడగవలసింది అడగలేదు. ఆయన ఏనాడైనా మిమ్మల్ని పేరు పెట్టి పిలిచారా?

విధేయుడు,
కూర్మయ్య

తా.క.: అనుమానం వచ్చి మా ఇంటిదాన్ని నేనూ పేరు పెట్టి పిలిచి చూశాను. "ఎవులు సచ్చిపోనారు?" అంటూ పరిగెత్తుకొచ్చింది.

పాతపట్నం, 2-8-1968

వైద్యుల వారికి,

పిలిచారు. ఒక్కసారి.

పెళ్లయిన ఏడాది, కళ్లంలో ధాన్యం కొలుస్తుంటే నలుగురిలో కేకేశారు. అందరూ నవ్వారు. నాకు పదహారేళ్లు, ఎనిమిదో తరగతి చదివానన్న గీర. "ఇంకోమారు నా పేరెత్తితే పలకను" అన్నాను. నలభై నాలుగేళ్లు "ఒసే"తోనే గడిచిపోయాయి.

మీ ఉత్తరం చూసుకుని, ఎందుకు చెప్పలేదని నిన్న అడిగాను. "నువ్వే కదేటి వద్దన్నావు" అన్నారు.

"ఇప్పుడు నేనే అంటున్నాను, పిలవండి" అన్నాను. నోరు తెరిచారు. నా మొహంలోకి చాలాసేపు చూశారు.

"ఒసే... నీ పేరేటే?"

నేను చెప్పలేదు. నేను అందిస్తే అది అప్పచెప్పడమే అవుతుంది కానీ, పిలవడం కాదు కదా.

ఇట్లు,
నారాయణమ్మ

తా.క.: మిగిలిన రసం పారబోయలేదు. పొద్దున్నే ఒక్క చెంచా, చిన్న చెంచాయే, నేను తాగుతున్నాను. ఆనాడు కళ్లంలో ఏ గొంతుతో పిలిచారో నాకూ జ్ఞాపకం రావడం లేదు.