మామిడి తొక్కలు, నీ అంగీ

నా రాత వంకరగా ఉంటది, తప్పులుంటయి, ఏమనుకోకు. నువ్వు పని కోసం పరదేశం పోయి ఏడాదైంది. మనం గడ్డి కోసే చేను ప్లాట్లయింది, చుట్టూ గోడ కట్టిన్రు. గడ్డి ఎక్కడా దొరుకుతలేదు. మహేశ్వరం దిక్కున్న జ్యూస్ ఫ్యాక్టరీల పారేసే మామిడి తొక్కలు తెచ్చి, ఎండబెట్టి, వరిగడ్డిల కలిపి పెట్టిన. మన బర్రె మూతి తిప్పుకున్నది, నిన్నంతా పస్తే ఉన్నది.

"దీనికి నా కొడుకే వచ్చి పెట్టాలె గావచ్చు. రేపు బర్రెను కొనే బేరగాడొస్తడు, పగ్గం ఇచ్చెయ్ పిల్లా," అన్నది అత్తమ్మ.

"ఒక్క పూట ఆగు అత్తమ్మా," అన్న. బర్రె పోతే ఈ ఇంట్ల నాకేం పని? నన్నూ అమ్మోళ్లింటికి తోలుతరు.

పొద్దుగాల నువ్వు పాలు పిండేటప్పుడు వేసుకునే అంగీ తొడుక్కొని పోయిన. సిగ్గుతో చచ్చిన. బర్రె నా భుజం వాసన చూసి, గంపల మూతి పెట్టి తొక్కలన్నీ తిన్నది. ఖాళీ గంప చూసి అత్తమ్మ బేరగాన్ని రావద్దన్నది.

కానీ రోజూ తొడిగితే అంగీకి నా వాసనే పడతది. నీ వాసన పోయినంక నేనేం జేయాలె? జర చెప్పు. అంగీ సంగతి అత్తమ్మకు తెలియొద్దు, చదివి ఈ కాయితం కాలబెట్టు.