నాలుగో నంబరుకు పడ్డ ఓట్లు

కలకత్తా,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు, బావగారికి ప్రభువు పేరట వందనాలు.

నీ ఇన్‌లాండు లెటరు అందింది. బావగారికి దగ్గు తగ్గిందనీ, శాంతి రోజూ బస్సులో నందిగామ కాలేజీకి వెళ్ళొస్తోందనీ తెలిసి మనసు కుదుటపడింది. జగ్గయ్యపేటలో ఈ ఏడు మిరప బాగా వచ్చిందని రాశావు. వీలైతే కిలో కారం కొట్టించి ఉంచు. ఎలా తెచ్చుకుంటానో కింద రాస్తాను.

నేను బాగున్నాను. అన్నానికి లోటు లేదు. మెస్సులో కూరలన్నీ ఆవనూనెతో చేస్తారు. మొదటి నెల ముక్కు మూసుకుని తిన్నాను, ఇప్పుడు రెండోసారి అడిగి వేయించుకుంటున్నాను. పత్రికలో నాకు కోర్టు వార్తలే ఇచ్చారు. పని ఎక్కువే, కానీ తెలిసిన పని. దిగులు పడొద్దు.

ఈ నెలంతా ఇక్కడ పొగమంచు. ఉదయం కిటికీ తీస్తే ఎదుటి మేడ ఉండదు. ట్రాం గంట వినిపిస్తుంది, ట్రాం కనిపించదు. ముక్త్యాల దారిలో సిమెంటు దుమ్ము లేచినప్పుడు లారీలు పట్టపగలు లైట్లు వేసుకుని వస్తాయే, అలాగే మనుషులు ఆ తెల్లదనంలోంచి బయటికొచ్చి, నన్ను దాటి, మళ్ళీ అందులోకే పోతారు. ఆఫీసుకు నడుస్తూ ఒక్కోసారి మున్నేటి ఇసుకలో ఉన్నాననుకుని చెప్పులు విప్పబోతాను. తెలుగు మాట్లాడేది వారానికి ఒక్క రోజు, సెలవు రోజున, అదీ ఏసోబుతో.

ఈ ఉత్తరం అతని గురించే. ముక్త్యాల ఫ్యాక్టరీ కాలనీ నుంచి బస్సులో నీ బడికి వచ్చి, వెనక బెంచీలో నిద్రపోయిన ఏసోబు ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్బులో మూడేళ్ళుగా ఆడుతున్నాడు. వాణ్ణి కనిపెట్టుకుని ఉండమని నువ్వు ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వానాకాలంలో, బురద గ్రౌండులో అతని మోకాలు మెలిపడింది. ఆపరేషను కావాలన్నారు. అప్పటి నుంచి చంకలో కర్రతో క్లబ్బు మెస్సులోనే ఉన్నాడు. వాళ్ళమ్మకు కాలు బెణికిందని మాత్రమే రాశాడు.

ఈ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. సీజను చివర, కార్డున్న అభిమానులు తలా ఒక చీటీ రాసి పెట్టెలో వేసి, ఆ ఏటి ఆటగాణ్ణి ఎన్నుకుంటారు. అతనికి ఒక దండ, ఒక ఇత్తడి కప్పు ఇస్తారు. అసలు సంగతి వేరే. అభిమానులు ఎన్నుకున్నవాణ్ణి క్లబ్బు మరుసటి ఏడు వదులుకోదు. దెబ్బ తగిలి ఉంటే వైద్యం కూడా క్లబ్బే చూస్తుంది. మిగతావాళ్ళలో ఆడలేనివాడు మంచం ఖాళీ చేసి ఇంటికి వెళ్ళాలి. ఏసోబుకు ఆ కప్పు కావాలి. నాకూ ఒక కార్డుంది. ఏసోబు ఆట చూడ్డానికే కొన్నాను.

చీటీ మీద పేరు రాయాలి. కానీ ఈ గ్యాలరీలో ఆటగాణ్ణి పేరుతో పిలవరు, చొక్కా నంబరుతో పిలుస్తారు. చీటీ మీదా నంబరే రాస్తారు. ఏసోబుది నాలుగు. అతను పడిపోయాక అదే స్థానంలో, అదే నాలుగో నంబరు చొక్కాతో బాపి అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు ఆడాడు. బాగా ఆడాడు.

మొన్న చీటీలు లెక్కపెట్టడానికి నన్ను కూర్చోబెట్టారు, రిపోర్టరును కాబట్టి. నా పక్కన అభిమానుల పెద్ద, రిటైరైన ట్రాం కండక్టరు. అన్నయ్యా అన్నట్టు అందరూ దాదా అంటారు. మిగిలిన నంబర్లన్నీ కలిపినా నాలుగో నంబరు కుప్పే పెద్దది. దాదా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏ నాలుగు బాబూ ఇది? వానకు ముందు నాలుగా, వాన తరవాత నాలుగా?"

"పేరు రాయమని మీరు చెప్పలేదా?"

"ఏళ్ళ తరబడి నంబరే రాస్తున్నాం. ఎప్పుడూ తంటా రాలేదు."

"ఏడాది మధ్యలో చొక్కా ఎప్పుడూ చేయి మారి ఉండదు."

"అదీ నిజమే. పోనీ, ఎవరో నువ్వే చెప్పు. నీ మాటే ఖాయం చేస్తా."

ఏసోబు పేరు నోటిదాకా వచ్చింది అక్కా. అనేస్తే అయిపోయేది. కానీ ఆ కుప్పలో నా చీటీ కూడా ఉంది. నేనూ నాలుగనే రాశాను, అందరూ రాసినట్టే. రాసిన రోజు సాయంత్రం బాపి గోలు గీత మీద రెండుసార్లు బంతికి అడ్డం పడి ఆపాడు. ఆ ఊపులో, గ్యాలరీలోనే చీటీ రాసి పెట్టెలో వేశాను. అప్పుడు నా కళ్ళలో ఉన్నది బాపి.

నేను చెప్పనన్నాను. రాసినవాళ్ళనే అడగమన్నాను. దాదా ఒక దారి చెప్పాడు. నాలుగని రాసినవాళ్ళంతా ఆదివారం పొద్దున్నే గ్రౌండుకు రావాలి. ఒక గోలు దగ్గర ఏసోబు, ఇంకో గోలు దగ్గర బాపి కూర్చుంటారు. రాసేటప్పుడు ఎవరిననుకున్నారో వాళ్ళ దగ్గరికి నడవాలి.

ఆ ఆదివారం ఇవాళే. తెల్లవారినా వెలుగు రాలేదు. శాలువలు కప్పుకున్న మనుషులు నడిమి గీత మీద గుమిగూడారు. రెండు వైపులా గోలు కర్రలు కనిపించలేదు. అటూ తెలుపే, ఇటూ తెలుపే. దాదా ఈల వేశాడు. తడి గడ్డి మీద అడుగుల చప్పుడు ఒకటి రెండై, అటూ ఇటూ పల్చబడుతూ పోయింది. పక్కనున్నవాడి వీపు పది అడుగుల్లో కరిగిపోయింది. చివరికి గీత మీద నేనూ దాదా మిగిలాం. అదంతా నా నిద్రలో జరుగుతోందేమో అనిపించింది.

నేను బాపి వైపు నడిచాను.

చాలాసేపు నడిచినట్టుంది. మంచులోంచి గోలు కర్ర, దాని కింద కుర్చీ, కుర్చీలో బాపి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మీరు అటు కదా సార్? మీ వాడు అక్కడున్నాడు."

"ఇటే" అన్నాను.

బాపి గెలిచాడు. తేడా ఒక్క మనిషిది కాదు, ముప్ఫై మందికి పైనే. అయినా ఏసోబు లెక్క వేరు. నేను వెళ్ళడం అతను చూడలేదు. తన దగ్గరికి వచ్చినవాళ్ళలో నేను లేనని మాత్రం చూశాడు.

నేను అతని దగ్గరికి వెళ్ళేసరికి కర్ర ఒళ్ళో పెట్టుకుని టీ తాగుతున్నాడు.

"ఏం సార్, మంచులో దారి తప్పారా?"

"లేదు ఏసోబూ. వాడికే రాశా."

"నాకు వేద్దామని అనిపించలేదా అండి?"

"అనిపించింది. చీటీ వేసేశాక."

గ్లాసు గడ్డి మీద పెట్టాడు. "బాగా ఆడాడు లెండి. నా చొక్కా వేసుకుని మరీ ఆడాడు, వెధవ" అన్నాడు. నవ్వబోయాడు, కుదరలేదు. "అయితే ఇంటికే. మా టీచరుగారికి మాత్రం మీరే చెప్పుకోండి. నాకు మొహం లేదు."

నాకూ లేదు. అందుకే ఇంత కాగితం పట్టింది.

అతని పెట్టె ఇప్పుడు నా గదిలో ఉంది, అతను నా మంచం మీద నిద్రపోతున్నాడు. సెలవు దొరికింది. వచ్చే వారం నేనే వెంట తీసుకొస్తున్నాను, కారం కూడా అప్పుడే తెచ్చుకుంటాను. విజయవాడలో ఎముకల డాక్టరు ఎవరు మంచివారో బావగారిని కనుక్కోమను. మేం వచ్చేలోపు నువ్వు ఒకసారి ముక్త్యాల వెళ్ళి వాళ్ళమ్మకు చెప్పు. బెణుకు కాదని చెప్పు. మళ్ళీ ఆడతాడో ఆడడో డాక్టరు చెప్పాల్సిన మాట, మనం చెప్పొద్దు. నేను ఎటు నడిచానో కూడా ఆమెకు చెప్పు. అది దాచి నన్ను మంచివాణ్ణి చేయొద్దు. ఎలాగూ వాడే చెప్తాడు.

పెద్దమ్మకూ పాస్టరుగారికీ నా వందనాలు. శాంతికి దీవెనలు. ప్రార్థనలో ముందు వాడి మోకాలు తలుచుకోండి, ఆ తరవాతే నన్ను.

నీ తమ్ముడు,
విజయ్‌కుమార్