కొయ్యకు మిగిలిన జత

ఇబ్రహీంపట్నం,
13 సెప్టెంబరు 1936, ఆదివారం.

బుడ్డోడా,

అహ్మద్ అలీ అని నీ పూర్తి పేరు రాద్దామనే కలం పట్టుకున్నాను. చేయి సాగలేదు. ఇప్పుడు నువ్వు మా ఇంట్లోకి రావాలంటే తల వంచాల్సిందే గానీ, చిన్నప్పుడు మా సంజీవ పెట్టిన పేరు నీకు అట్లాగే ఉండిపోయింది.

ప్రభువు దయవల్ల నేనూ మీ పెద్దబాపూ బాగున్నాం. హైదరాబాదులో నువ్వు చల్లగా ఉండాలని నేను ప్రభువును, మీ అమ్మ మదీనా బీ అల్లాను రోజూ అడుగుతున్నాం. ఎవరి మాట ముందు చేరినా మా ఇద్దరికీ సంతోషమే.

నా రాత నీకు తెలుసు కదా. మిషన్ దొరసాని నేర్పిన నాలుగు అక్షరాలే. బడిలో మీకు ఉర్దూ చెబుతుంటే, తెలుగు కూడా రావాలని పొయ్యి బూడిద నేల మీద పరిచి, మీ ఇద్దరి వేళ్లు పట్టుకుని దిద్దించాను. ఆ బూడిద చదువే ఇప్పుడు నీకూ నాకూ పనికొచ్చింది. తప్పులుంటే సర్దుకుని చదువు.

ఇక్కడ చెరువు నిండి అలుగు పారుతోంది. సీతాఫలాలు కళ్లు తెరుస్తున్నాయి. మన వాడ సిద్దయ్య రేపు కాయల మొదటి బండి కట్టుకుని హైదరాబాదు వస్తాడు. నువ్వు పని చేసే పుస్తకాల అట్టల దుకాణం తెలుసన్నాడు. ఈ ఉత్తరంతో పాటు ఒక గోనె మూట కూడా నీ చేతికిస్తాడు.

అందులో ఉన్నవి నీ బూట్లు.

వద్దన్నావని తెలుసు. వానలు మొదలైన కొత్తలో మీ అమ్మ వచ్చి మా వాకిట్లో కూర్చుని ఏడ్చింది. "వాడు ఏ గుట్టకూ పోడంట అక్కా. బూట్లు ఎవలికన్న ఇచ్చెయ్యమన్నడు. ఒక్కపూటనే తింటుండంట, మొఖం గింతయిందంట" అంది. "ఎవలికిస్తమే మదీనా, గంత పెద్ద కాలు ఈ ఊర్ల ఇంకెవనికున్నది" అన్నాను. ఏడుస్తూనే నవ్వింది.

మీరిద్దరూ బడి గోడ మీది పటం చూసి వేసుకున్న ప్రయాణం నాకింకా నోటికి వచ్చు. మన నిజాం రాజ్యానికి చుట్టుపక్కల ఉన్న దేశాలు తిరిగి, ఒక్కో దేశంలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం ఎక్కాలని కదా. శిఖరం అనే మాట మీ నోటనే విన్నాను, నాకు తెలిసింది గుట్టే. మొదట మైసూరు వాళ్ల ముళ్లయ్యనగిరి. తర్వాత మద్రాసు వాళ్ల దొడ్డబెట్ట. ఆ వెనక తిరువాన్కూరు వాళ్ల ఆనముడి. చివరికి పడవెక్కి లంక. లంకలో ఉన్నదాని పేరు ఎన్నిసార్లు చెప్పినా నా నోరు తిరగకపోతే, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వేవారు.

ఎందుకురా ఈ తిరుగుడు అని ఒకసారి సంజీవను అడిగాను. వాడేమన్నాడో నీకు చెప్పాడో లేదో. "దొర గడి ముంగట మనం చెప్పులు చేతవట్టుకోని నడుస్తం గదనే. కుట్టింది బాపు, ఇడ్సేది గూడ బాపే. గా శిఖరం మీద మనకంటె మీద ఎవ్వడుండడు. బాపు కుట్టిన బూట్లతోని ఆడ నిలవడాలె. ఒక్క దేశం కాదు, అన్ని దేశాలల్ల నిలవడాలె" అన్నాడు. మీ పెద్దబాపు పని చేసుకుంటూ వింటున్నాడు. తెల్లారి దాచుకున్న మంచి తోలు తీసి మీ ఇద్దరి కాళ్లూ కొలిచాడు.

సంజీవ తన జత తొడుక్కునే పోయాడు. మట్టిలో దించే ముందు వాళ్ల బాపే కాళ్లకు ఎక్కించి వార్లు ముడివేశాడు. పక్కింటి నర్సింహమ్మ ఊరుకుంటుందా, "మట్టిల వెట్టెతందుకు గంత మంచి తోలా" అంది. ఆయన తలెత్తకుండానే "వాడు నడ్వాల్సింది ఇంక ఉన్నది" అన్నాడు. ఆ రోజు నుంచి నీ జత ఒక్కటే కొయ్యకు వేలాడుతూ ఉండింది.

ఆమె ఆ రోజే ఇంకో మాట అంది. అది నీ చెవిన పడిందని నాకు తెలుసు. "వానల గుట్టెక్కిచ్చి పోరన్ని సంపిండు" అంది. నువ్వు పిడికెడు మట్టి వేసి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయావు. ఏడాది దాటింది, మా గడప తొక్కలేదు. రంజాన్ పండక్కి మీ ఇంటికి వచ్చి కూడా వెనక సందులోంచి వచ్చి వెనక సందులోంచే పోయావట.

అవును, ఆ రోజు చెరువు అవతలి గుట్టకు వాణ్ణి రమ్మన్నది నువ్వే. శిఖరాల మీద వాన పడుతుంది, ఇప్పటి నుంచే అలవాటు కావాలన్నావు. ఇద్దరూ తడిసి ముద్దయి నవ్వుకుంటూ ఇంటికి వచ్చారు. తెల్లారేసరికి వాడికి జ్వరం. నీకు రాలేదు. ఆ వానల్లో మన వాడలో గుట్ట దిక్కు చూడనివాళ్లు కూడా అదే జ్వరంతో పోయారు. ఈ మాటే మీ అమ్మతో చెప్పి పంపితే, "పెద్దమ్మ నా మనసు కోసం అంటున్నది" అన్నావట. నోటి మాటతో నువ్వు నమ్మేవాడివి కావని అప్పుడే తెలిసింది.

ఇక ప్రయాణం సంగతి. మీ అమ్మా నేనూ కూర్చుని అంతా అనుకున్నాం. వానలు వెనకబడగానే, చలి ముదరకముందే బయలుదేరాలి. సంజీవ గొంగడి ఉతికి ఆరేశాను, అది నీకే. వేయించిన జొన్నల పిండి, బెల్లం నేను కట్టిస్తాను. తొక్కు పచ్చడి మీ అమ్మది, నా చేతి తొక్కు నీకు నచ్చదని నాకు తెలుసులే. సరిహద్దు దాటితే మన హాలీ సిక్కా రూపాయి చెల్లదట, ముందే మార్చుకోవాలని సిద్దయ్య అన్నాడు. మీ అమ్మ ఫికర్ వేరే. కరోడ్‌గిరి నాకా కాడ కొత్త బూట్లకు సుంకం అడుగుతారేమో అంటుంది. "ఏం అడగరు, మట్టి చూస్తె పాతవే అనుకుంటరు" అన్నాడు మీ పెద్దబాపు.

ఆ మట్టి మీద మా ఇంట్లో పెద్ద పంచాయతీ జరిగింది. మొన్న ఆముదం పూద్దామని ఆయన బూట్లు కొయ్య మీది నుంచి దించి అట్లాగే నిలబడిపోయాడు. అడుగున ఎర్రమట్టి. లోపల తోలు పాదం పట్టి మెత్తబడి ఉంది. ఎవరో తొడుక్కుని మస్తు నడిస్తే తప్ప కొత్త తోలు అంత లొంగదు. రోజూ మా ఇంటికి వచ్చిపోయేది సిద్దయ్యే కాబట్టి ఆయన వాడి మీద పడ్డాడు. "నా కాలు గా బూట్ల వడ్ల గుమ్మిల ఎలుక తిరిగినట్టు తిరుగుతది, నేనెందుకు తొడుగుత" అని సిద్దయ్య ఒట్టు పెట్టాడు. వాళ్లిద్దరూ వాదులాడుకుంటుంటే నేను రొట్టెలు కాలుస్తూ ఊరుకున్నాను. ఎట్లయితేనేం, ఇక అవి నీ కాలు కరవవు.

నాకు భయం లేదని అనుకోకు. ఒకణ్ణి మట్టికి ఇచ్చినదాన్ని. నువ్వు రైలెక్కినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా నా పానం నా దగ్గర ఉండదు. అయినా పో. మీ ఇద్దరిలో ఒక్కడైనా అక్కడ నిలబడాలి.

పోయేముందు జర ఇక్కడికి రా. వెనక సందులోంచి కాదు, ముందు బాటనే రా. నర్సింహమ్మ ఎదురైతే సలాం చెయ్యి. ఈ మధ్య సంజీవ పేరెత్తితే ఆమె కూడా కండ్లు తుడుచుకుంటోంది.

లంక నుంచి వచ్చాక ఆ శిఖరం పేరు నాకు మళ్లీ చెప్పు. ఈసారి నేర్చుకుంటాను.

మీ పెద్దబాపు నిన్ను అడిగినట్టు రాయమన్నాడు.

ఇట్లు,
నీ పెద్దమ్మ
సుసన్న

తా.క. బూట్లు తొడిగింది నేనే. మీ పెద్దబాపుకు ఇంకా చెప్పలేదు.

పోయిన నెల ముసురు పట్టిన రోజు, ఆయన తోలు కోసం తుక్కుగూడ పోతే, బూట్లు కొంగు కింద దాచుకుని గడి దాటాను. దాటినాక కాళ్లకు పాత గుడ్డలు చుట్టి, నీ కాలంత లావు చేసుకుని తొడిగాను. మీరు ఎక్కిన గుట్టే ఎక్కాను. సగం దూరంలో వాన దంచింది. ఏ బండ చాటుకూ పోలేదు. మీద చాలాసేపు నిలబడ్డాను. అక్కడి నుంచి దొర గడి, మన వాడ ఒక్క తీరుగానే చిన్నగా కనబడ్డాయి బుడ్డోడా. వాడు అన్నది నిజమే. తల నుంచి కాళ్ల దాకా తడిసి, గడి కాడ బూట్లు మళ్లీ విప్పి దాచుకుని, తడి బట్టతోనే ఇంటికి వచ్చాను. ఇంట్లో మళ్లీ తొడిగి, బూట్లు కాళ్ల మీదనే ఆరనిచ్చాను.

నీకోసమని పోయాను. జ్వరం వస్తే రానీ అని కూడా అనుకున్నాను, అది నీ దగ్గర దాచను.

రోజూ పొద్దున లేచి నుదురు ముట్టి చూసుకున్నాను. చల్లగానే ఉంది. మళ్లీ గట్టి వాన పడిన రోజు మళ్లీ పోయాను. జ్వరం రాలేదు. మొదట కోపం వచ్చింది, నన్నెందుకు వదిలిందని. తర్వాత నువ్వు యాదికొచ్చావు. అప్పుడు ఆకలైంది. కుండలో ఉన్న జొన్న గటక అంతా తిన్నాను. వాడు పోయినాక కడుపు నిండా తిన్నది ఆ రోజే.

వాన వాణ్ణి తీసుకుపోలేదు బిడ్డా. నువ్వూ తీసుకుపోలేదు.

మూటలో బూట్ల మీద రొట్టెలు, మీ అమ్మ తొక్కు పెట్టాను. ముందు అవి తిను. రేపటి నుంచి రెండు పూటలా కడుపు నిండా తిను.