బాబాయి చెరిపేసిన పెళ్లి

పిన్నీ,

ఈ ఉదయం మా లైబ్రరీలో పుస్తకాలు బైండు చేసే తాత జిగురు కలుపుతూ "మూడో అంతస్తు" పాట ఈల వేశాడు. నేను పుట్టక ముందరి సీరియల్ మళ్లీ వేస్తున్నారు కదా, ఎక్కడ విన్నా అదే గోల! శనివారాలు మా చదువుకునే గదిలో టీవీ పెట్టి అందరం కలిసే చూస్తున్నాం.

ఇంకో రెండు వారాల్లో రావలసిన ఇరవై రెండో భాగం టీవీ వాళ్ల దగ్గర లేదట. కాంపౌండరు డాక్టరమ్మకి మనసులో మాట చెప్పేది అందులోనే. "అది చూడకుండా పోతే దెయ్యాన్నై మీ బీరువాల్లోనే తిరుగుతానమ్మాయ్," అంటున్నాడు తాత. ఎవరైనా రికార్డు చేసి ఉంచితే ఇమ్మని టీవీలో అడుగుతున్నారు.

నీ పెళ్లి క్యాసెట్టు అడగడానికే ఈ ఉత్తరం. బాబాయి ఖాళీదనుకుని దాని మీదే ఆ భాగం రికార్డు చేశాడనీ, "పెళ్లికూతురు పోతే పోయింది, డాక్టరమ్మ మిగిలిందిగా" అని వేళాకోళమాడితే నువ్వు గరిటె విసిరి, నెల రోజులు మాట్లాడలేదనీ అమ్మ చెప్పింది. దాన్ని బయటికి తీస్తే ఇప్పటికీ నీ మనసు కలుక్కుమంటుందని తెలుసు. కానీ అంత కోపంలోనూ నువ్వు దాన్ని పారెయ్యలేదు. పోస్టులో పంపకు, నేనే వచ్చి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంటాను. కాపీ తీయించి రెండు రోజుల్లో నీ చేతికిస్తాను.

కాదనకు పిన్నీ. మొన్న శనివారం నలభై మంది ముందు లేచి నిలబడి, మా పిన్ని దగ్గర ఉందని చెప్పేశాను.